కుక్క మూతి కడిగిన చలికాలం

ఆ ఏడు మంచు నవంబరు మధ్యకే దిగింది. డిసెంబరు మొదటివారానికి మా ఊరి రాతి బురుజుల నెత్తిన మూరెడు మందాన పేరుకుంది. మంచు పడితేనే మా ఇంటికి పని. అన్నయ్య ఓతియా, నేను, మా రెండు కుక్కలు కుర్షా, మురా కలిసి, పట్నం నుంచి వచ్చినవాళ్ళని కొండ మీది శిలువదాకా నడిపించుకెళ్ళి తీసుకొచ్చేవాళ్ళం. కాళ్ళకి వెడల్పాటి మంచుచెప్పులు కట్టుకుని అన్నయ్య ముందు నడిచి దారి తొక్కేవాడు. నేను అందరికంటే వెనక. కుక్కలు అన్నయ్యకంటే ముందు. మంచు కింద వాగు ఎక్కడుందో, ఎక్కడ అడుగేస్తే నడుందాకా దిగబడతామో మాకంటే వాటికే బాగా తెలుసు.

వచ్చినవాళ్ళు మురాని ముద్దుచేసేవాళ్ళు. గోధుమరంగు ఆడకుక్క. ఎవరు కూర్చుంటే వాళ్ళ మోకాలి మీద గడ్డం ఆనించేది. కుర్షా అలా కాదు. బూడిదరంగు మగకుక్క, గొర్రెల కాపలా జాతి, చెవులు పిల్లప్పుడే కత్తిరించారు. ఎవరి చేతి కిందికీ వచ్చేది కాదు, నాకు తప్ప.

డిసెంబరు పన్నెండున ఐదుగురితో బయల్దేరాం. వాళ్ళలో ఒక బడిపంతులమ్మ తన కుక్కని కూడా తెచ్చుకుంది. పొట్టి కాళ్ళ తెల్లకుక్క, దానికి ఎర్ర ఉన్ని చొక్కా. అన్నయ్య దాన్ని చూసి, "బూట్లు కూడా కొనాల్సింది టీచరమ్మా" అన్నాడు. ఆవిడ నవ్వి, ఉన్నాయని సంచిలోంచి తీసి చూపించింది.

మధ్యాహ్నం పాడుబడ్డ గొర్రెలదొడ్డి దాటుతుంటే మబ్బు కిందికి దిగింది. పదడుగుల అవతల మనిషి కనపడడం లేదు. మురా నడుస్తున్నదల్లా ఆగి, వెనక్కొచ్చి మనుషుల కాళ్ళకి ఒత్తుకుని నిలబడింది. ఎందుకో ఆలోచించే లోపలే తోడేళ్ళు వచ్చేశాయి. మూడు. ఏ అరుపూ లేదు. ఒకటి పక్కనుంచి వచ్చి తెల్లకుక్కని వెనక కాలి దగ్గర కరిచి పట్టుకుంది. పంతులమ్మ తాడు వదల్లేదు. బోర్లా పడి, తాడుతోపాటు మంచులో జరజరా జారిపోయింది.

కుర్షా నన్ను రాసుకుంటూ వెళ్ళింది. ఆ విసురుకి నేను కూలబడ్డాను. అది తోడేలు మెడని అందుకుంది. అందుకున్నాక ఇక వదల్లేదు. తోడేలు వెల్లకిలా పడి వెనక కాళ్ళతో కుర్షా పొట్ట గీరేస్తోంది, మిగతా రెండూ వెనకనుంచి మెడ మీద పళ్ళు దించుతున్నాయి. అన్నయ్య పార తీసుకుని వాటి వీపుల మీద బాదాడు. ఎముక విరిగిన చప్పుడు వినపడింది. రెండూ మబ్బులోకి పారిపోయాయి. మూడోది ఊపిరి ఆగిపోయాక కూడా కుర్షా దాన్ని విదిలిస్తూనే ఉంది. నేను వెళ్ళి దాని దవడల మధ్య వేళ్ళు పెట్టి విడదీయాల్సి వచ్చింది. తెల్లకుక్క బతికింది కానీ కాలు పోయింది.

ఆ సాయంత్రం అన్నయ్య చచ్చిన తోడేలుని మంచుబండి మీద ఊళ్ళోకి లాక్కొచ్చాడు. చూడ్డానికి వచ్చినవాళ్ళంతా మా ఇంట్లోనే చేరారు. పక్కింటి జాన్సుగ్ బాబాయ్ ఎద్దు కాలి ఎముక తెచ్చి తన చేత్తో కుర్షా ముందు పెట్టాడు. ఆయన తమ్ముడు బేఖాన్ గ్లాసుల్లో సారా నింపాడు. బేఖాన్, మా అన్నయ్య ఒకే ఏడు పుట్టారు, బళ్ళో ఒకే బెంచీ మీద కూర్చున్నారు, గుళ్ళో పక్కపక్కన నిలబడి పాడతారు. ఆనవాయితీగా మొదటి గ్లాసు దేవుడికి, రెండోది దేవదూతకి, మూడోది మా గుళ్ళోని గియోర్గి స్వామికి తాగాక, బేఖాన్ నాలుగోది ఎత్తి, "ఇది కుర్షాకి. ఒరేయ్ ఓతియా, నీకింకా పెళ్ళెందుకు కాలేదో ఇవాళ తెలిసిందిరా. మీ ఇంట్లో మగాడి పని కుక్కే చేసేస్తోంది" అన్నాడు. అందరికంటే గట్టిగా అన్నయ్యే నవ్వాడు.

నేను పొయ్యి పక్కన కూర్చుని, అమ్మ బొంతలు కుట్టే దారంతో కుర్షా మెడకి పదకొండు కుట్లు వేశాను. అది ఒక్కసారైనా మూలగలేదు. తల నా ఒళ్ళో పెట్టి, కళ్ళు తెరుచుకుని, తలుపువైపే చూస్తూ పడుకుంది.

*

పాత పంచాంగం లెక్కన మా క్రిస్మస్ జనవరి ఏడున. అది వెళ్ళిన నాలుగో రోజు, తెల్లవారాక కట్టెల కోసం బయటికొచ్చాను. కుర్షా గేటు దగ్గర నిలబడి ఉంది. మూతి, ఛాతీ, ముందు కాళ్ళు ఎర్రగా తడిసి ఉన్నాయి. మళ్ళీ తోడేళ్ళతో కలబడిందనుకుని ఒళ్ళంతా తడిమి చూశాను. ఎక్కడా గాయం లేదు. ఆ నెత్తురు దానిది కాదు.

అడుగుజాడలు పట్టుకుని వెళ్ళాను. దూరమేం లేదు. మా గోడ, జాన్సుగ్ బాబాయ్ వాళ్ళ గోడ ఒకటే. మంచు గోడ ఎత్తుకి పేరుకుంది కాబట్టి అటు దిగడం ఎవరికైనా తేలిక. వాళ్ళ కొట్టం తలుపు కింది చెక్క విరిగి ఉంది. లోపల దూడ పడి ఉంది. రెండు నెలలది, నొసట తెల్లచుక్క. గొంతు లేదు. పొట్ట చీల్చి ఉంది. ఒక్క ముక్క కూడా తినలేదు. ఆవు గుంజకి కట్టేసి ఉండి వణుకుతోంది. పొదుగులోంచి పాలు వాటంతటవే నేలమీదికి కారుతున్నాయి.

నోటికి తోడేలు నెత్తురు తగిలాక కుక్క అలా అవుతుందని తరవాత పెద్దవాళ్ళు చెప్పారు. అయ్యుండొచ్చు. నాకు తెలీదు. నాకు తెలిసిందల్లా, పశువుని చంపిన కుక్కని మా ఊళ్ళో ఆ రోజే కాల్చేస్తారు. దాని మీద ఎవరూ వాదించరు. వాదించరని తెలిసే, నేను ఒక దేవదారు కొమ్మ విరిచి, జాడలు ఊడ్చుకుంటూ వెనక్కొచ్చాను. గిన్నెలో వేడినీళ్ళు పోసి కుర్షా మూతి కడిగాను. అది కదలకుండా మూతి నా చేతికి అప్పగించింది. తరవాత దాన్ని కొట్టంలో కట్టేశాను. కాసేపటికి మంచు మొదలై, నేను ఊడ్చిన గుర్తుల్ని కూడా కప్పేసింది.

జాన్సుగ్ బాబాయ్ పది గంటలకి వచ్చాడు. టోపీ చేత్తో పట్టుకుని వాకిట్లోనే నిలబడ్డాడు. తోడేలయితే తినేదని, ఇది ఆడుకుని వదిలేసినట్టుందని మెల్లగా చెప్పాడు. పొద్దున్న ఆయన భార్య మారో పిన్నికి గోడ మీద ఏదో కుక్క కనపడ్డట్టు అనిపించిందట. చీకటి విడీవిడకుండా ఉంది కాబట్టి గట్టిగా చెప్పలేదు.

"అమ్మాయ్, కుక్కల్ని చూసుకునేది నువ్వు కాబట్టి నిన్నే అడుగుతున్నా. రాత్రంతా కట్టే ఉన్నాయా?"

"కట్టే ఉన్నాయి బాబాయ్."

అన్నయ్య నా వెనక గుమ్మంలో ఉన్నాడు. "విన్నావుగా. మా చెల్లి అబద్ధం చెప్పదు" అన్నాడు. ఆ మాటతో అది నా ఒక్కదాని మాట కాకుండా పోయింది.

ఆ వారమే బజారుకి వెళ్ళి గొలుసు కొన్నాను. ఆ గొలుసు వేశాక ఊళ్ళో ఇంకే పశువూ చావలేదు. జాన్సుగ్ బాబాయ్ తన కప్పు మీద మంచు తోస్తూ, పైనుంచి మా వాకిలి చూసి అడిగాడు.

"కొత్త గొలుసా?"

"పాతది తుప్పు పట్టింది బాబాయ్."

"అలాగా. మీకు అసలు గొలుసే లేదనుకున్నా ఇన్నాళ్ళూ."

అంతే అని మళ్ళీ పార ఎత్తాడు. ఆ తరవాత మారో పిన్ని పెరుగు పంపడం మానేసింది. అమ్మ పంపిన మాంసపు రొట్టె తాకకుండా గోడ మీదే వదిలేశారు. కాకులు తిన్నాయి.

బేఖాన్ ఒక్కడే ఎప్పట్లా మాట్లాడేవాడు. జనవరి చివర్లో ఒకరోజు ఊటబావి దగ్గర నా బిందెల్ని తన కావిడికి తగిలించుకుని, సగం దారి నడిచాక ఆగాడు.

"పిక్రియా, నాకొక్కడికీ చెప్పు. మా అన్న రోజూ తుపాకీ తుడుస్తున్నాడు. ఆ కుక్కే అయితే అయిందని చెప్పు. నేను అన్నని కూర్చోబెట్టి మాట్లాడతా. కుక్కని ఎక్కడికైనా దూరం పంపేద్దాం, కింద లోయలో మా మేనమామ దగ్గరికైనా. ఎవరికీ తెలియాల్సిన పనిలేదు."

"చెప్పడానికేం లేదు" అన్నాను.

అతను తరవాత బిందెలు మా గుమ్మందాకా మోసి, దించి, వెళ్ళిపోయాడు. కుర్షాకి బతకడానికి దారి దొరికింది ఆ ఒక్కరోజే. నేను అప్పటికి మూడు వారాలుగా అబద్ధం మోస్తూ దానికి అలవాటు పడిపోయాను. దించడం చేతకాలేదు.

*

ఫిబ్రవరి రెండో శనివారం నలుగురు కుర్రాళ్ళని పైకి తీసుకెళ్తున్నాం. పలచని మబ్బు. ఊరికి పైన, వాలు మీద తెల్లబెరడు భూర్జ చెట్ల గుంపు ఉంటుంది. అక్కడ దారి మలుపు తిరుగుతుంది. కుర్షా ఆ రోజు నా పక్కనే ఉంది. పగ్గం వేసి చేతికి చుట్టుకున్నాను. మురా ఎప్పట్లా ముందు పోతోంది. మలుపులో అది తల తిప్పి మేమొస్తున్నామో లేదో చూసింది. అప్పుడే తుపాకీ పేలింది.

మురా ఎగిరిపడి, లేచి, మూడడుగులు వేసి కూర్చుంది. నడుం వెనక భాగం పనిచెయ్యడం లేదు. ముందు కాళ్ళతో మంచుని తవ్వుకుంటూ మా వైపు రావాలని చూసింది. దాని వెనక మంచు మీద ఎర్రచార పడుతోంది. నేను వెళ్ళేసరికి పక్కకి ఒరిగింది. గడ్డం నా మోకాలి మీద పెట్టింది. నోట్లోంచి నురగతో కలిసి నెత్తురు వచ్చింది. ఎక్కువసేపు పట్టలేదు.

జాన్సుగ్ బాబాయ్ పారిపోలేదు. చెట్ల మధ్యనుంచి తుపాకీతో తనే బయటికొచ్చాడు. మంచులో పడున్న గోధుమరంగు చూసి ఆయన మొహం మారింది. అయినా వెనక్కి తగ్గలేదు.

"ఒకటయింది. రెండోదాన్ని మీరే తెచ్చివ్వండి" అన్నాడు.

అన్నయ్య వీపు సంచికి కట్టుకున్న పార విప్పాడు. మంచుచెప్పులు వదిలేసి, మోకాళ్ళలోతు మంచులో దిగబడుతూ ఆయన మీదికి నడిచాడు. బాబాయ్ తుపాకీ ఎత్తలేదు. రెండో గుండు ఉందో లేదో కూడా నాకు తెలీదు. మొదటి దెబ్బ ఆయన భుజం మీద పడింది. కొమ్మ విరిగినట్టు చప్పుడైంది. ఆయన మోకాళ్ళ మీద కూలాడు. తుపాకీ వాలు మీంచి కిందికి జారిపోయింది. రెండో దెబ్బ వీపు మీద. నేను రెండు చేతులతో కుర్షా మెడపట్టీ పట్టుకుని దాని మీద పడుకుని ఉన్నాను. అది నన్ను కూడా ఈడ్చుకుంటూ అటే లాగుతోంది. వదిలితే బాబాయ్ గొంతు దొరకబుచ్చుకుంటుంది. వదలకపోతే అన్నయ్యని ఆపే దిక్కు లేదు. వచ్చినవాళ్ళలో ఒకడు ఫోను పట్టుకుని ఇదంతా తీస్తున్నాడు.

అప్పుడు కిందినుంచి బేఖాన్ వచ్చాడు. అన్న తుపాకీ తీసుకుని కొండెక్కాడని మారో పిన్ని చెప్తే, ఆపడానికి పరిగెత్తుకుంటూ వచ్చాడట. ఊపిరాడడం లేదు అతనికి. మాట రాక చేతులు చాపుకుని ఇద్దరి మధ్యలోకి వచ్చాడు. అన్నయ్య మూడోసారి ఎత్తిన పార అప్పటికే దిగుతోంది. దాని అంచు బేఖాన్ చెవి పైన తగిలింది.

అతను పడిపోలేదు. మంచులో నింపాదిగా కూర్చున్నాడు. తల తడుముకుని, "నా టోపీ ఎక్కడ పడింది?" అని అటూ ఇటూ వెతికాడు. టోపీ అతని ఒళ్ళోనే ఉంది. అన్నయ్య పార పడేసి, ఆ టోపీ తీసి అతని తలకి పెట్టాడు. అది రెండుసార్లు జారింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "బానే ఉన్నానురా, అన్నని లేపు" అన్నాడు బేఖాన్.

తన కాళ్ళ మీదే కొండ దిగాడు. సాయంత్రానికి వాంతులు మొదలయ్యాయి. మర్నాడు పొద్దుటికి మాట పోయింది. ఒక కన్ను నల్లగా వాచి మూసుకుపోయింది. అంతకు రెండ్రోజుల ముందు లోయ దారి మీద మంచుచరియ విరిగిపడి రాకపోకలు ఆగిపోయాయి. మబ్బులో హెలికాప్టరు రాలేనంది. అన్నయ్య ఎవరికీ చెప్పకుండా దారి మీదికి వెళ్ళి చరియని తవ్వడం మొదలుపెట్టాడు. తరవాత ఇరవైమంది మగవాళ్ళు వెళ్ళి కలిశారు. అతనితో ఎవరూ మాట్లాడలేదు. వెళ్ళిపొమ్మనీ అనలేదు. రెండు పగళ్ళు తవ్వారు. అన్నయ్య అరచేతుల తోలు లేచిపోయి పార కర్రకి అంటుకుంది. మూడోరోజు మధ్యాహ్నం, ఇంకా యాభై గజాలు ఉందనగా, బేఖాన్‌ని మంచుబండి మీద పడుకోబెట్టి అక్కడికి తీసుకొచ్చారు. తీసుకొచ్చేసరికే పోయాడు.

దారి తెరుచుకున్నాక మొదట వచ్చింది పోలీసులు. అన్నయ్య వాళ్ళకోసం చరియ దగ్గరే, పార పక్కన పెట్టుకుని కూర్చుని ఉన్నాడు.

*

కోర్టు దాని పని అది చేసుకుంటుంది. మా ఊళ్ళో మాత్రం రక్తం పడితే పెద్దలు తేల్చాలి, లేకపోతే అది ఎన్ని తరాలైనా నడుస్తుంది. పన్నెండుమంది కూర్చున్నారు. అందరికంటే పెద్ద ముర్జాకాన్ తాత. నెలరోజులపాటు ఆ ఇంటికీ ఈ ఇంటికీ తిరిగారు. చివరికి మా ఇంటికి వచ్చి అమ్మకి చెప్పారు. మీ కుక్క తప్పు లేనిదైతే గొడవకి మొదలు జాన్సుగ్ తుపాకీ అవుతుంది, అప్పుడు ఓతియా శిక్ష ముగించుకుని వచ్చి ఈ ఊళ్ళోనే బతకొచ్చు, వాళ్ళూ ఒప్పుకుంటారు. అందుకు మీ ఇంట్లోంచి ఒకరు గుళ్ళో గియోర్గి స్వామి పటం మీద చెయ్యి వేసి, ఆ దూడని మా కుక్క చంపలేదని చెప్పాలి. ఎవరు చెప్తారన్నది కూడా అడగలేదు. కుక్కల్ని చూసుకునేదాన్ని నేనే.

వాళ్ళు వెళ్ళాక అమ్మ పిండి పిసుకుతూ కూర్చుంది. తల ఎత్తకుండానే మాట్లాడింది.

"ప్రమాణం చెయ్యి."

"అమ్మా, ఆ రోజు..."

"తెలుసే. గిన్నెలో నీళ్ళు ఎర్రగా ఉంటే పారబోసింది నేనే. నువ్వు మర్చిపోయి పొయ్యి పక్కనే వదిలేశావు." పిండి తిప్పి వేసింది. "దేవుడు అడిగితే నా పేరు చెప్పు. నాకు నా కొడుకు కావాలి."

మర్నాడు గుళ్ళో చలికి నోటి ఆవిరి కనపడుతోంది. పటం బయటికి తీసి బల్లమీద నిలబెట్టారు. వెండి రేకు, గుర్రం మీద స్వామి. ఒక పక్క పన్నెండుమంది. ఇంకో పక్క జాన్సుగ్ బాబాయ్, చెయ్యి గుడ్డతో మెడకి కట్టుకుని. పక్కన నల్లబట్టల్లో మారో పిన్ని. ముర్జాకాన్ తాత నేను అనవలసిన మాటలు ఒకసారి చదివి వినిపించాడు. చివర్లో, ఇది అబద్ధమైతే మా వంశం ఇక్కడితో ఆగిపోవాలని ఉంది.

చెయ్యి పటం మీద పెట్టాను. వెండి చల్లగా, వేళ్ళకి అంటుకుపోయేలా ఉంది.

"దూడని చంపింది మా కుక్కే తాతా. మూతి కడిగి కట్టేశాను" అన్నాను.

నా వెనక అమ్మ గుళ్ళోంచి బయటికి వెళ్ళిపోయిన చప్పుడు వినపడింది. తాత, "ఇంకేమైనా ఉందా?" అని అడిగాడు. ఉంది, బేఖాన్ అడిగినా చెప్పలేదన్నాను. జాన్సుగ్ బాబాయ్ బాగున్న చేత్తో టోపీ తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. 

ఆ సాయంత్రానికే తేల్చారు. ఏటి పక్క మా గడ్డిమైదానం బేఖాన్ ఇంటికి. కుక్క జాన్సుగ్‌కి. ఓతియా బయటికొచ్చాక ఈ లోయలో ఎక్కడా నిద్రచెయ్యకూడదు. ఇంతటితో రక్తం ఆగాలి. రెండు వైపులా ఒప్పుకున్నాం.

*

రెండో రోజు పొద్దున్నే జాన్సుగ్ బాబాయ్ తుపాకీ భుజానికి తగిలించుకుని మా గేటు దగ్గరికి వచ్చాడు. గొలుసు పట్టుకుని లాగితే కుర్షా కదల్లేదు, పళ్ళు చూపించింది. ఆయన గొలుసు నాకు ఇచ్చాడు.

"నా వెంట రాదు. నువ్వూ నడు."

ముగ్గురం కొండెక్కాం. ఊరు దాటాక గొలుసు విప్పమన్నాడు. రెండు నెలలుగా కట్టేసే ఉంచిన కుక్క. విప్పగానే మంచులో పొర్లింది, లేచి దులుపుకుంది, మా ముందు దారి తొక్కుతూ బయల్దేరింది. ఎక్కడ మంచు పట్టు లేకుండా ఉంటే అక్కడ పక్కకి తిరిగి మాకు గట్టినేల చూపించింది. దాని వెనక అడుగులో అడుగు వేసుకుంటూ వెళ్ళాం. భూర్జ చెట్లు దాటి, ఊరు కనపడని చోటు వచ్చాక బాబాయ్ ఆగి తుపాకీ నాకు అందించాడు. ఆయన భుజం లేవదు. ఆ సంగతి ఇద్దరికీ ఇంటి దగ్గరే తెలుసు.

మేం ఆగిపోయామని కుర్షా వెనక్కి తిరిగి చూసింది. నడిచేవాళ్ళు వెనకబడితే ఎప్పుడూ చేసేదే చేసింది. మా వైపు తిరిగి కూర్చుంది. నేను మోకాళ్ళ మీద కూర్చుని కాల్చాను. ఒక్క గుండే. అది ముందుకి, కాళ్ళ మీదికి ఒంగినట్టు పడింది.

బాబాయ్ ఎడమ చేత్తో మంచు తోసి దాన్ని కప్పడం మొదలుపెట్టాడు. నేనూ చేతులతో తోశాను. కొంచెంసేపటికి ఆయన అడిగాడు.

"తమ్ముడు అడిగినప్పుడు ఏమన్నావు?"

"చెప్పడానికేం లేదన్నాను."

తల ఊపాడు. "ఆ రోజు నేను కాల్చింది దీన్నే అనుకున్నా. మబ్బులో రంగు తెలీలేదు" అన్నాడు.  దిగేటప్పుడు దారి చూపించేవాళ్ళు లేక నేను ఒకచోట నడుందాకా దిగబడ్డాను. ఆయన చెయ్యిచ్చి పైకి లాగాడు. వెంటనే చెయ్యి వదిలేసి ముందుకి వెళ్ళిపోయాడు.

మార్చి చివర్లో లోయ కింద పట్నం జైలుకి వెళ్ళాను. అమ్మ రాలేదు. నాతో మాట్లాడలేదు కూడా, కానీ అన్నయ్య కోసం ఉన్ని మేజోళ్ళు, చీజు గుడ్డలో చుట్టి గుమ్మంలో పెట్టింది. అద్దం అవతల అన్నయ్య గుండు చేయించుకుని కూర్చున్నాడు. అరచేతులకి ఇంకా కట్లు ఉన్నాయి. గుళ్ళో నేనేం చెప్పానో అతనికి అప్పటికే తెలిసింది. నేను మళ్ళీ మొదటినుంచీ చెప్పాను. కుర్షాని ఏం చేశానో కూడా చెప్పాను. మధ్యలో ఆపకుండా విన్నాడు.

"నాకు ఆ రోజు పొద్దున్నే చెప్పి ఉంటే, నేనే కాల్చేవాణ్ణి పిక్రియా" అన్నాడు. "గంట ఏడ్చేవాణ్ణి. సాయంత్రానికి బేఖాన్ వచ్చి నన్ను నవ్వించేవాడు."

 ఇక లేచి వెళ్ళిపోతాడనుకున్నాను. వెళ్ళలేదు. కప్పు మీద మంచు దింపారా, అమ్మ నడుం ఎలా ఉందని అడిగాడు. టైం అయిపోయిందని కాపలావాడు వచ్చి భుజం తట్టాక, లేస్తూ లేస్తూ అడిగాడు.

"జాన్సుగ్ వాళ్ళకి కట్టెలెవరు కొడుతున్నారు?"

"ఎవరూ కొట్టడం లేదు. అయిపోయినట్టున్నాయి. మూడు రోజులుగా వాళ్ళ పొగగొట్టంలో పగలు పొగ రావడం లేదు."

"నువ్వు కొట్టు" అన్నాడు.

ఇంటికి చేరిన మర్నాడు పొద్దున్నే గొడ్డలి తీసుకుని, గోడ మీంచి కాకుండా వీధి చుట్టూ తిరిగి, వాళ్ళ గేటు తోసుకుని వెళ్ళాను. చూరు కింద బేఖాన్ శరత్కాలంలో కోసి పడేసిన దుంగలు అలాగే ఉన్నాయి. మొదటిదాన్ని దులిపి నిలబెట్టాను. ఆ చప్పుడుకి మారో పిన్ని తలుపు తీసింది. నన్ను చూసింది. తలుపు మళ్ళీ వేసేసింది. నేను కొడుతూనే ఉన్నాను. మధ్యాహ్నానికి అరచేతులు బొబ్బలెక్కాయి, తరవాత చిట్లాయి. పొద్దు వాలుతుండగా తలుపు తెరుచుకుంది. పిన్ని వాకిట్లోకి వచ్చి, చీలికల కుప్ప కేసి చూసి, వాటిని ఎటు పక్క పేర్చాలో చేత్తో చూపించి లోపలికి వెళ్ళింది.